వయసు చాలని టిక్కెట్టు

హైదరాబాద్,
8 జనవరి 2025

అత్తకి,

సింధూరి నమస్కారాలు. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్క ఫ్లాట్ వాళ్లు మనం దెబ్బలాడుకుంటున్నాం అనుకుంటారు. వాట్సప్‌లో రాస్తే అది నాన్న ఫోనుకే వస్తుంది. నాన్న నీకు చదివి వినిపించేటప్పుడు తనకి నచ్చని వాక్యాలు మింగేస్తాడని మనిద్దరికీ తెలుసు. మన ఇంట్లోనే ఒక సెన్సారు ఆఫీసు ఉంది. అందుకే ఈ కాగితం.

సినిమా పూర్తయింది అత్తా. భావనపాడులో తీశానని చెప్పాను కదా. కథ చాలా చిన్నది. మగవాళ్లందరూ సముద్రం మీద చేపల వేటకి వెళ్లిన రోజు ఒక పిల్లకి తొలి కాన్పు నొప్పులు వస్తాయి. అంబులెన్సు దారిలో ఆగిపోతుంది. ఊళ్లో ఒక ముసలి మంత్రసాని పురుడు పోస్తుంది. అంతే. ఆ మంత్రసానిగా నటించిన దానమ్మ నిజంగానే ముప్పై ఏళ్లు పురుళ్లు పోసిన మనిషి. "ఇలగ పట్టుకుంటే బిడ్డ జారిపోతాది, కెమేరా ఆపు" అని నన్నే కసిరేది.

పురుడు సీను మూడు నిమిషాల నలభై సెకన్లు. ఉమ్మనీరు పోవడం దగ్గర్నుంచి బిడ్డ ఏడవడం దాకా అన్నీ ఉన్నాయి. అసభ్యంగా ఒక్క ముక్క లేదు. బిడ్డ తల కూడా రబ్బరుదే, చేయించడానికి నా ప్రాణం పోయింది. సెన్సారు కమిటీ వాళ్లు చూశారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక A అన్నారు. ఆ సీనుని నలభై సెకన్లకి కుదిస్తే UA 16+ ఇస్తామన్నారు. ఆలోచించుకుని చెప్పమని గడువిచ్చారు.

నేను కుదించను. A తోనే మార్చి 21న విడుదల చేస్తాను. మొదటి ఆట రాజాంలో మన హాల్లో పడాలి. నాన్నని అడిగితే "కూతురు A సినిమా తీసిందని ఊరంతా పోస్టరు వేసుకోనా?" అని ఫోను పెట్టేశాడు. హాల్లో సగం నీ పేర ఉంది. నువ్వు చెబితే వింటాడు. చెబుతావు కదూ?

నీ
సింధూరి

*

రాజాం,
20 జనవరి 2025

చిరంజీవి సింధూరికి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ నాన్న నగరేశ్వరరావు కవరు మీద నీ రాత చూసి "ఏముంది, ఏముంది" అని రెండు రోజులు నా చుట్టూ తిరిగాడు. బీరువాలో పెట్టి తాళం వేశాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కత్తిరించు.

కోపం తెచ్చుకోకుండా విను. పదిహేడో ఏట లేడీస్ కౌంటర్లో కూర్చున్నాను, యాభై నిండేదాకా లేవలేదు. "సినిమా హాల్లో టిక్కెట్లు చింపే పిల్ల" అని సంబంధాలు తప్పిపోయినా లేవలేదు. ఈ అక్షరాల సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను కూర్చున్న కొత్తలో రెండే ఉండేవి, U, A. అందరూ చూడొచ్చు, లేదా పెద్దలు మాత్రమే. నాలుగేళ్లకి మధ్యలో UA అని ఒకటి వచ్చింది. ఇప్పుడు దానికి ఏడు, పదమూడు, పదహారు అని అంకెలు తగిలించారట. చెప్పుల సైజుల్లా ఉన్నాయి.

వీళ్లందరి కన్నా పెద్ద సెన్సారు మా ఆపరేటర్ సూరయ్య. మీ తాతగారి ఆజ్ఞ ఏమిటంటే, మ్యాట్నీకి ఆడవాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి హీరో హీరోయిన్ దగ్గరికి జరగ్గానే లెన్సుకి అడ్డంగా పోస్టుకార్డు పెట్టాలి. తెర నల్లబడేది, పాట మాత్రం వినబడేది. ఆడవాళ్ల బెంచీల్లోంచి "సూరయ్యా, కార్డు తియ్యరా!" అని కేకలు. ఆ కార్డు వెనకాల దాచిన సీన్లకి రెండింతలు ఇవాళ మన పక్కింటి ధనలక్ష్మి భోజనం చేస్తూ సీరియల్లో చూస్తోంది. కాలం మారింది, కాదనను.

కానీ A అంటే ఏమిటో నీకు తెలీదు. 1985లో మన హాల్లో ఒక డబ్బింగు సినిమా ఆడింది. ఏదో దేశం వాళ్లు కాన్పు గురించి, డాక్టరమ్మ గొంతుతో వివరిస్తూ తీసిన మంచి సినిమా. దానికి A ఇచ్చారు. మీ తాతగారు ఏం చేశారనుకున్నావు? గేటు ముందు మనిషెత్తు A రాయించి, చుట్టూ ఎర్ర బల్బులు పెట్టించారు. పాలకొండ నుంచి, చీపురుపల్లి నుంచి మగవాళ్లు బస్సులెక్కి వచ్చారు. పదకొండు రోజులు, రోజుకి నాలుగు ఆటలు. మొదట ఈలలు, తర్వాత బిడ్డ తల కనబడేసరికి హాలంతా నిశ్శబ్దం. ఒకాయన కళ్లు తిరిగి పడిపోతే సోడా కొట్టి లేపారు. వాళ్లు చూడ్డానికొచ్చింది ఏమిటో, చూసింది ఏమిటో ఆ దేవుడికే తెలియాలి.

నువ్వూ A కోసమే మొండికేస్తున్నావంటే మీ తాతగారే గుర్తొస్తున్నారు. ఆ అక్షరం చూసి వచ్చేవాళ్ల కోసమా నువ్వు భావనపాడు ఎండలో మాడింది? కత్తిరించేసి UA తీసుకో. హాలు సంగతి అప్పుడు మీ నాన్నతో మాట్లాడతాను.

ఒంట్లో వేడి చేస్తే సబ్జా గింజలు తాగు.

అత్త
కన్యాకుమారి

*

హైదరాబాద్,
1 ఫిబ్రవరి 2025

అత్తకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాన్న రాసి ఉంటే ఆశ్చర్యపోయేదాన్ని కాదు. నువ్వు రాశావు.

A వేసుకుని జనాన్ని రప్పించడానికి తీశానా? నేనా? ఎనిమిదేళ్లప్పుడు నన్ను హాల్లో నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని, తెర మీద ఎవరైనా ఎవరినైనా ముట్టుకోగానే నా కళ్లు మూసేదానివి. నీ చేతికి కొబ్బరినూనె వాసన. మీ సూరయ్య పోస్టుకార్డుకి, నీ అరచేతికి తేడా ఏముంది? ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. ఇంకా మూస్తూనే ఉన్నావు.

ఒక్క సంగతి చెప్పు. పోయిన నెల ఇక్కడొక సినిమా చూశాను. లెక్కపెట్టాను, పందొమ్మిది తలకాయలు తెగాయి. ఒక పేగు తెర మొత్తం ఊగింది. దానికి UA. నా పక్క సీట్లో చంటిపిల్ల పాలసీసా పట్టుకుని చూస్తోంది, వాళ్లమ్మ పాప్‌కార్న్ తింటోంది. మనిషిని చంపడం పిల్లలు చూడొచ్చు. మనిషి పుట్టడం మాత్రం పద్దెనిమిది నిండితే గానీ చూడకూడదు. ఈ ధర్మం ఎవరు చెప్పారు? నువ్వు కూడా దానికి తలూపుతున్నావా?

నీకు ఇది అర్థం కాదులే. కని ఉంటే తెలిసేది.

హాలు వద్దు. నాన్నతో ఏమీ మాట్లాడొద్దు. విశాఖపట్నంలో ఎక్కడో వేసుకుంటాను.

సింధూరి

*

రాజాం,
10 ఫిబ్రవరి 2025

సింధూరికి,

కని ఉంటే తెలిసేది అన్నావు. సరే. ఆ మాట నన్ను అన్న మొదటి మనిషివి కావు, ఆఖరి దానివీ కావు. కానీ నీ నోటి నుంచి వచ్చేసరికి ఆ పూట అన్నం సయించలేదు. ఇది నీకు తెలియాలి కాబట్టి రాశాను. ఇంక ఆ విషయం వదిలేస్తున్నాను.

నేను ఎందుకు కత్తిరించమన్నానో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. తప్పు నాదే. సిగ్గుపడి చెప్పలేదు.

మన లేడీస్ కౌంటర్ కిటికీ గుర్తుందా? జానెడు వెడల్పు. లోపలి నుంచి నాకు కనబడేవి ఒక చెయ్యి, ఒక ముఖం. ఆ 1985 సినిమా ఆడుతున్నప్పుడు మూడో రోజు మ్యాట్నీకి ఒక చెయ్యి లోపలికి వచ్చింది, చేతిలో చిల్లర. ముఖం చూస్తే మరీ చిన్నది. "నీ వయసెంత?" అన్నాను. "పదేడమ్మా" అంది. అంతకు రెండు నెలల ముందే తనిఖీ వాళ్లొచ్చి A సినిమాలో చిన్నపిల్లలున్నారని వారం రోజులు హాలు మూయించారు. మీ తాతగారు ఇంట్లో చేసిన గొడవ నాకింకా చెవుల్లో ఉంది. "పద్దెనిమిది నిండాలి, వెళ్లు" అన్నాను. చెయ్యి వెనక్కి పోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి గేటు వైపు నడుస్తుంటే అప్పుడు కనబడింది. నిండు కడుపు.

పిలవొచ్చు. పిలవలేదు. క్యూలో వెనకావిడ "నాకు రెండు" అంది, చింపి ఇచ్చాను.

ఆ పిల్ల జగ్గమ్మ. అవును, మన గేటు ముందు ముప్పై ఏళ్లు మరమరాలు, వేరుశనక్కాయలు అమ్మిన జగ్గమ్మే. నీకు పొట్లంలో రెండు గింజలు ఎక్కువ వేసేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. సినిమా అంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. ఇన్నేళ్లూ అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది.

నీ ఉత్తరం వచ్చాక ఉండబట్టలేక మొన్న వాళ్లింటికి వెళ్లాను. బొబ్బిలి రోడ్డు వెనకాల కొడుకు దగ్గర ఉంటోంది. ఆ రోజు సంగతి గుర్తుందా అని అడిగాను. నాకు చెవి సరిగ్గా వినబడదని తెలుసు కదా, దగ్గరగా జరిగి, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది. ఎలా చెప్పిందో అలాగే రాస్తున్నాను, మావ అంటే ఆమె మొగుడు.

"గుర్తెందుకు నేదు సావుకారమ్మా. మా మావే డబ్బులిచ్చి పంపినాడు. పురుడెలగుంటాదో సూపిత్తన్నారట, ఎల్లి సూసిరాయే, బయ్యం పోతాది అన్నాడు. నువ్వు వొయసడిగినావు. పదేడన్నాను. అబద్దం సెప్పాలని నాకు తెల్దు. ఎల్లిపోయాను. నెల తిరిగేసరికి ఒక పొద్దుకాడ నీరు పోయింది. అదేటో నాకు తెల్దు. తప్పేటో సేసీసినాననుకున్నాను. సిగ్గేసి గడ్డిమేటు ఎనకాల దాక్కున్నాను. సందేల దాకా ఎవుల్తోనీ సెప్పనేదు. అత్త సూసి కేకేసింది. అప్పుటికి బిడ్డ ఉలుకూ పలుకూ నేదు."

నా ముఖం చూసి ఆమే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సింధూరీ, కౌంటర్ గోడకి అవతలే హాలు. ఆ డాక్టరమ్మ గొంతు గోడలోంచి నాకు రోజుకి నాలుగుసార్లు వినబడేది. "నీరు పోయిన వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి, ఆలస్యం చేస్తే బిడ్డకి ప్రమాదం." అప్పుడు నా చెవులు బాగుండేవి. పదకొండు రోజుల్లో కంఠతా వచ్చేసింది. పెళ్లి కాని నేను నలభై నాలుగుసార్లు విన్నాను. నిండు నెలలతో ఉన్న పిల్లకి ఒక్కసారి వినడానికి వయసు చాల్లేదు.

అందుకే కత్తిరించమన్నాను. A ఉంటే నేను మళ్లీ ఆ కిటికీలో కూర్చుని పదిహేడేళ్ల పిల్లని వెనక్కి పంపాలి. UA అయితే పక్కన ఏ అంకె ఉన్నా లోపలికి పంపొచ్చు, నిర్ణయం వాళ్లమ్మది. నీ సినిమా చూడాల్సింది ఎవరు? ఈలలు వేసేవాళ్లా, ఆ పిల్లలా? ఇదీ నా బాధ. నీ కళ్లు మూయడం కాదు.

కళ్లు మూసిన మాట నిజమే.

అత్త

*

హైదరాబాద్,
18 ఫిబ్రవరి 2025

అత్తా,

నేను రాసిన ఆ ఒక్క వాక్యాన్ని నీ బీరువాలోంచి తీసి చింపెయ్యి. కాళ్లకి దండం పెడతాను. కోపంలో నోటికి ఏది వస్తే అది అనేయడం నాన్న దగ్గర నేర్చుకున్నానని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ అన్నది నేనే.

జగ్గమ్మ పొట్లం నాకు గుర్తుంది. చిన్న ఉల్లిపాయ ముక్కలు, పైన నిమ్మరసం. ఆమె ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. చేతులే గుర్తొస్తున్నాయి. ముప్పై ఏళ్లు గేటు బయట కూర్చున్న మనిషిని నేనూ పొట్లం దాకానే చూశాను.

నువ్వు చెప్పింది నిజం. ఎవరి కోసం తీశానో నేనే మర్చిపోయాను. కమిటీ మీద గెలవాలన్న పంతంలో పడిపోయాను. నీ ఉత్తరం అందిన రోజే ఎడిటింగ్ రూముకి వెళ్లాను. నలభై సెకన్లకి కోయించాను, కోసేసిన భాగం రాసి ఉన్న కాగితాలు దీంతో పెడుతున్నాను. ఎడిటర్ అర్చన కోస్తూ నా వైపు చూడలేదు.

ఇప్పుడు ఆ సీను ఎలా ఉందంటే, పిల్ల అరుస్తుంది, దానమ్మ తలుపేస్తుంది, బయట కాకి అరుస్తుంది, తలుపు తీసేసరికి తెల్లటి తువ్వాలులో బిడ్డ. నువ్వు ముప్పై మూడేళ్లు చూసిన అన్ని సినిమాల్లో ఉన్న పురుడే. మొత్తం మీద UA 16+ వస్తుంది. టీవీకి కూడా అమ్మొచ్చు అంటున్నారు. హాళ్లు ముప్పై దాకా దొరుకుతాయట. వచ్చే నెల పదో తారీఖు లోపల ఈ కాపీ కమిటీకి ఇచ్చేస్తే అయిపోయినట్టే.

కమిటీలో వాళ్లు చెడ్డవాళ్లు కారు అత్తా. "మేం కూడా పిల్లలున్నవాళ్లమే కదమ్మా" అన్నారు.

దానమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్న తర్వాత "నా సేతులు కోసీసినారా అమ్మా?" అని అడిగింది. ఆమె చేతులే ఆ మూడు నిమిషాలూ.

అయినా పర్లేదు. ఆ పిల్లలు లోపలికి వస్తారు. అదే కదా మనకి కావాల్సింది.

సింధూరి

*

రాజాం,
24 ఫిబ్రవరి 2025

సింధూరీ,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఆశీస్సులు తర్వాత. ఆ కాపీ ఇవ్వకు!

నీ ఉత్తరం పట్టుకుని సంతోషంగా జగ్గమ్మ దగ్గరికి పోయాను. "ఇప్పుడు పదహారేళ్ల పిల్లలు కూడా చూస్తారు జగ్గమ్మా, మా పిల్ల అడ్డొచ్చిన ముక్క కోసేసింది" అన్నాను, ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపి అడిగింది.

"కోసీసిన ముక్కలో ఏటున్నాది?"

నువ్వు పంపిన కాగితాలు చదివి చెప్పాను. నీరు పోవడం. అది చూసి పిల్ల భయపడడం. దానమ్మ "బయ్యపడకు, ఇది తప్పు కాదు, బిడ్డ బయల్దేరింది" అని చెప్పడం. నొప్పికీ నొప్పికీ మధ్య ఎలా ఊపిరి తీయాలో చూపించడం.

"మరి నాకు తెలవాల్సినది అదే గదా సావుకారమ్మా. అది కోసీసి పిల్లల్ని లోపటికి రానిత్తే వాలు ఏటి సూత్తారు? తువ్వాల్లో బిడ్డనా? తువ్వాల్లో బిడ్డని నానూ సూసినాను."

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద నాకే. నేను నలభై ఏళ్ల కిందట పిల్లని గేటు దగ్గర ఆపాను. ఇప్పుడు పిల్లని లోపలికి రమ్మని, చూడాల్సిన ముక్కని గేటు దగ్గర ఆపమన్నాను. రెండూ ఒకటే పని. నీతో ఆ పని చేయించాను.

కాబట్టి విను. A తీసుకో. మొత్తం మూడు నిమిషాల నలభై సెకన్లూ ఉంచు. దానమ్మ చేతులు దానమ్మకి ఇచ్చెయ్యి.

ఇంక పిల్లల సంగతి. చట్టం నేను తప్పను. పద్దెనిమిది నిండని పిల్ల ఎవరైనా కిటికీ దగ్గరికి వస్తే టిక్కెట్టు ఇవ్వను, ఆధార్ కార్డు చూసి మరీ వెనక్కి పంపుతాను. కానీ ఈసారి గేటు బయటకి కాదు. మన హాలు వరండాలోకి. అక్కడ బెంచీలు వేయిస్తాను. లోపల ఆట పడుతున్నంతసేపూ వరండాలో దానమ్మ కూర్చుంటుంది, జగ్గమ్మ కూర్చుంటుంది. తెర మీద ఏముందో అదంతా నోటితో చెబుతారు. దానమ్మకి కబురు పెట్టాను, గుడ్డతో బిడ్డ బొమ్మ కుట్టుకుని వస్తానంది. సినిమాకి అక్షరం వెయ్యొచ్చు. ఇద్దరు ముసలివాళ్లు బెంచీ మీద కూర్చుని పిల్లలతో మాట్లాడుకుంటే దానికి ఏ అక్షరం వేస్తారు? వెయ్యమను, చూస్తాను.

మీ నాన్నకి చెప్పాను. "అక్కా, మన వరండాలో పురుడు పాఠాలా? బజార్లో తలెత్తుకోగలనా?" అన్నాడు. "మనిషెత్తు A కింద ఎర్ర బల్బులు పెట్టినప్పుడు నాన్న తలెత్తుకునే తిరిగాడు, నువ్వు ఎందుకు దించుతావు?" అన్నాను. విసవిసా బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి "బెంచీలు ఎన్ని కావాలి?" అని అడిగాడు.

లేడీస్ కౌంటర్ కిటికీకి పదేళ్లుగా ఫ్లెక్సీ కొట్టి ఉంది. పీకించేశాను. జానెడే ఉంది ఇంకా.

ఇవ్వకు ఆ కాపీ. అందగానే ఒక ముక్క రాయి.

అత్త

*

హైదరాబాద్,
5 మార్చి 2025

అత్తా,

ఇవ్వలేదు. ఇవ్వను.

నీ ఉత్తరం అందిన మధ్యాహ్నమే కమిటీ ఆఫీసుకి వెళ్లి A ఒప్పుకుంటున్నానని రాసిచ్చాను. ఒక పెద్దాయన మంచి మనసుతోనే చెప్పాడు. "అమ్మా, టీవీ హక్కులు పోతాయి, హాళ్లు దొరకవు, మొదటి సినిమా, ఆలోచించుకో." ఆయన చెప్పినట్టే జరిగింది. ముప్పై హాళ్లు ఆరయ్యాయి. ప్రొడ్యూసర్ తిరుమలరావుగారు రెండు రోజులు లెక్కలు వేసుకుని, మూడో రోజు "పోస్టరు మీద A ఎంత పెద్దది వెయ్యాలి?" అని అడిగారు. చట్టం ఎంత అడిగితే అంత, గోరంత ఎక్కువ వద్దు అన్నాను. ఆయన ముఖం చూడాల్సింది.

అర్చన కోసిన ముక్కల్ని తిరిగి అతుకుతూ ఈసారి నా వైపు చూసి నవ్వింది.

21వ తారీఖు నేను రాలేను. అదే రోజు ఇక్కడ పత్రికల వాళ్లకి ఆట. నా ప్రాణం మాత్రం నీ కిటికీ దగ్గరే ఉంటుంది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు తిట్టారు, అన్నీ రాయి. మింగకుండా రాయి.

సింధూరి

*

రాజాం,
22 మార్చి 2025

బంగారు తల్లి సింధూరికి,

మింగకుండా రాస్తున్నాను.

మ్యాట్నీకి లోపల నూట పన్నెండు మంది. బాల్కనీ ఖాళీ. ఈలల కోసం వచ్చిన కుర్రాళ్లు ఓ పదిహేను మంది. ఇంటర్వెల్ లోపే నలుగురు లేచిపోయారు, మిగతావాళ్లు పురుడు సీను అయ్యాక తల దించుకుని ఎవరి మానాన వాళ్లు వెళ్లారు. ఒకడు మాత్రం కౌంటర్ దగ్గర ఆగి "మామ్మా, మా ఆవిడకి ఆరో నెల, రేపు తీసుకొస్తే టిక్కెట్టు ఉంటదా?" అని అడిగాడు. ముందు దాని వయసు చెప్పరా అన్నాను. ఇరవై రెండట. ఉంటుందన్నాను.

తిట్టినవాళ్లూ ఉన్నారు. పప్పుల కొట్టు ఆయన వరండా ముందు నిలబడి "షావుకార్ల ఇంటి ఆడవాళ్లు చేసే పనేనా ఇది?" అన్నాడు. నేను కిటికీ వదిలి లేవలేదు. మీ నాన్న వెళ్లాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. అడిగితే చెప్పలేదు కూడా. కానీ కొట్టు ఆయన వెళ్లిపోయాడు, మీ నాన్న ఇంకో బెంచీ మోసుకొచ్చి వేశాడు.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన పిల్లలు గుంపుగా వచ్చారు. కార్డులు చూశాను. పదహారు, పదిహేడు, పదిహేడు, పదహారు. "లేదమ్మా, చట్టం ఒప్పుకోదు, వరండాలోకి వెళ్లండి" అన్నాను. ఆటయ్యేసరికి వరండాలో ముప్పై నాలుగు మంది, వాళ్లలో తల్లులు తొమ్మిది మంది. దానమ్మ గుడ్డ బొమ్మని ఒక వెదురు బుట్టలోంచి బయటకి తీసి చూపిస్తుంటే ముందు కిసుక్కుమని నవ్వులు, తర్వాత ప్రశ్నలు. ఆ ప్రశ్నలు అడగడానికి వాళ్లకి ఇన్నాళ్లూ మనిషి దొరకలేదు సింధూరీ.

ఇప్పుడు అసలు సంగతి. ఆట మొదలవడానికి కాస్త ముందు కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది. చిల్లర కాదు, వంద నోటు. దాని మీద ఆధార్ కార్డు. నేను అడక్కముందే పెట్టింది.

"సూడమ్మా" అంది జగ్గమ్మ. "నాకు వొయసు సాలిందేటి?"

కార్డు చేతిలోకి తీసుకున్నాను. 1968 అని ఉంటుందని తెలుసు, కానీ అంకె నాకు ఆనలేదు. కళ్లు నిండిపోయాయి. "సాలింది" అన్నాను. టిక్కెట్టు చింపి ఇచ్చి నోటు వెనక్కి నెట్టబోయాను. "వొద్దు, మా మావ ఆయేల డబ్బులిచ్చే పంపినాడు" అని నోటు అక్కడే వదిలేసి లోపలికి నడిచింది. నలభై ఏళ్లలో మొదటిసారి.

ఆట మొత్తం చూడలేదు. పురుడు సీను అవగానే లేచి బయటకి వచ్చేసింది. ఏడుస్తోందేమో అని నేను కౌంటర్ వదిలి పరిగెత్తాను. ఏడవడం లేదు. సరాసరి వరండాలోకి వెళ్లింది. దానమ్మని "నువ్వుండు" అని, పిల్లల మధ్యన కూర్చుంది. గట్టిగా, నా చెవికి కూడా వినబడేటంత గట్టిగా చెప్పింది.

"ముందు ఇది ఇనండి. నీరు పోతే తప్పు సేసినట్టు కాదు. సిగ్గుపడి దాక్కోకండి. కేకెయ్యండి!"

మీ అత్త
కన్యాకుమారి